పట్టాలకన్నా ముందు పొలాలు కొన్న కంపెనీ

మా నాన్న రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. బెజవాడ డివిజన్లో ముందు గూడ్సులు, ఆ తర్వాత ప్యాసింజర్లు. ఇప్పుడు ఆ పోస్టుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ మా ఇంట్లో మాత్రం గార్డే. అమ్మా నాన్నా ఒసాకా వచ్చినప్పుడు నేను వాళ్ళని మొట్టమొదట తీసుకెళ్ళింది కోటకి కాదు, గుడికి కాదు, హాన్క్యూ అనే రైలు కంపెనీ వాళ్ళ ఒసాకా-ఉమేద స్టేషన్‌కి. నేను రోజూ ఎక్కే స్టేషనే, ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా నా పొద్దు అక్కడే మొదలవుతుంది. కానీ నాన్నకి చూపించాలనుకున్నది ఒకటుంది, దానికోసం టైం చూసుకుని మరీ తీసుకెళ్ళా.

తొమ్మిది లైన్లు పక్కపక్కనే వచ్చి ఆగిపోతాయి అక్కడ, ఆపైన పట్టా లేదు. 1, 2, 3 క్యోటో వైపు, 4, 5, 6 తకరజుక వైపు, 7, 8, 9 కోబె వైపు. అన్ని బళ్ళూ ఒకటే రంగు, ముదురు మెరూన్, బాగా మాగిన నేరేడుపండు రసంలో కాస్త ఇటుకపొడి కలిపితే ఎలా ఉంటుందో అలాగ. పగటిపూట మూడు లైన్ల బళ్ళూ ఒకే నిమిషానికి బయల్దేరతాయి. బెల్లు మోగింది, తలుపులు పడ్డాయి, మూడు బళ్ళూ ఒక్కసారే కదిలాయి, పక్కపక్కనే నడుస్తా యోదో నది మీద వంతెన వైపు వెళ్ళిపోయాయి. నాన్న వాచీ చూసుకున్నారు, వెళ్ళిపోతున్న వెనక పెట్టెలో కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి ప్లాట్‌ఫారం చివరిదాకా చూస్తూ వేలు చూపించడం చూశారు, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఒరేయ్, ఇది ఎవరిదిరా, గవర్నమెంటుదా?" అన్నారు. కాదు నాన్నా, ప్రైవేటు కంపెనీ అన్నా. "ప్రైవేటోడికి ఈ టికెట్ డబ్బులతో గిట్టుబాటవుద్దా?"

ముప్పై ఏళ్ళు రైళ్ళలో బతికినాయన అడిగిన ఆ ప్రశ్నే నేను ఇదంతా రాయడానికి కారణం. ఎందుకంటే జపాన్ రైళ్ళ గురించి మనవాళ్ళెవరితో మాట్లాడినా ఒక్కటే మాట వస్తుంది, "వాళ్ళకి క్రమశిక్షణ ఎక్కువండీ". ఇక్కడి తెలుగువాళ్ళ సంక్రాంతి భోజనాల్లో అదే, ఇండియా నుంచి వచ్చే చుట్టాలదీ అదే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల మండుతుంది. ఆ మాటతో రెండు తప్పులు జరుగుతాయి, ఒకటి ఇక్కడ వందేళ్ళ పైబడి ఎవరో కూర్చుని ఆలోచించి డబ్బులు పెట్టి చేసిన పనంతా రక్తంలో ఉన్న గుణం కింద కొట్టేస్తాం, రెండోది మనకి ఆ గుణం లేదు కాబట్టి మన ఊళ్ళో ఇది కాదులే అని మనల్ని మనం వదిలేసుకుంటాం. హాన్క్యూ బాగా నడుస్తోందంటే అసలు కారణం క్రమశిక్షణ కాదు. ఆ కంపెనీ బతుకూ, ఆ లైన్ పక్కన ఉండే జనం బతుకూ మొదటి రోజు నుంచీ ఒకే ముడిలో కట్టేసి ఉన్నాయి, అదీ కారణం. ఆ ముడి ఎవరు ఎలా వేశారో చెప్తా.

1907. కొబయాషి ఇచిజో అని ముప్పై నాలుగేళ్ళ మనిషి, మిత్సుయి బ్యాంకులో ఉద్యోగం మానేసి, ఒసాకాలో కొత్తగా పెట్టబోయే సెక్యూరిటీస్ కంపెనీలో చేరదామని పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. వచ్చేసరికి షేర్ మార్కెట్ కుప్పకూలింది, ఆ కంపెనీ పుట్టకుండానే పోయింది. ఉద్యోగం లేదు. అప్పుడు చేతికొచ్చింది మినో-అరిమ ఎలక్ట్రిక్ రైల్వే అనే ఒక కాగితం మీది కంపెనీ, తర్వాత హాన్క్యూ అయింది ఇదే. ఉమేద నుంచి ఉత్తరంగా పొలాల్లోంచి తకరజుక దాకా ఒక లైను, మధ్యలోంచి చీలి మినో దాకా ఇంకోటి, ఆ తర్వాత కొండల్లో ఉన్న అరిమ వేడినీళ్ళ బుగ్గల దాకా పొడిగింపు, ఇదీ ప్లాను. ఈ ప్లాను ఎవరూ నమ్మలేదు. షేర్లలో దాదాపు సగానికి కొనేవాళ్ళే లేరు. ఆ దారిలో పెద్ద ఊరు లేదు, ఫ్యాక్టరీ లేదు, వరిచేలూ కొండలూ తప్ప. మినో అంటే ఆకులు ఎర్రబడే కాలంలో జలపాతం చూడ్డానికి వెళ్ళే చోటు, మిగతా ఏడాదంతా ఎవరెళ్తారు?

కొబయాషి ఆ లైను వేయబోయే దారంతా కాలినడకన నడిచాడు. ఇకెద నుంచి ఒసాకా దాకా, ఒకసారి కాదు రెండుసార్లు. నడుస్తూ ఉంటే ఆయనకి తట్టింది ఇదీ, ఈ లైనుకి జనం రారని అందరూ అనుకుంటున్నారు కాబట్టి ఈ భూమి చవగ్గా వస్తుంది. ఒక త్సుబో, అంటే మన లెక్కలో సుమారు నాలుగు గజాలు, 1 యెన్ చొప్పున కొంటే, రైలు నడిచాక దాని మీద రెండున్నర యెన్లు లాభం వస్తుందని లెక్కేసుకున్నాడు. టికెట్ల మీద వచ్చే నష్టం భూమి మీద పూడుతుంది, పైగా ఆ భూమిలో ఇల్లు కట్టుకున్నవాడు రోజూ రైలెక్కుతాడు. జనం ఉన్న చోటికి రైలు వేయడం అందరూ చేసేదే, ఈయన రైలు వేసి జనాన్ని పుట్టించాడు.

1910 మార్చి 10న లైను మొదలైంది. ఆ జూన్‌లోనే ఇకెద స్టేషన్ పక్కన మురోమాచి అనే లేఅవుట్‌లో ఇళ్ళు అమ్మకానికి పెట్టారు. సుమారు 200 ప్లాట్లు, ఒక్కోటి 100 త్సుబోలు, అంటే మన 400 గజాల ప్లాటు. రెండంతస్తుల ఇల్లు కట్టి, కరెంటు దీపాలతో సహా, సుమారు 2,500 యెన్లు. కొంత ముందు కట్టి మిగతాది పదేళ్ళ పాటు నెలనెలా కట్టుకోవచ్చు. ఇప్పుడు మనకి ఈఎంఐ అంటే మంచినీళ్ళ లాంటి మాట గానీ, 1910లో ఒక ఆఫీసు గుమాస్తాకి, జీతం తప్ప ఇంకేం లేనివాడికి, వాయిదాల మీద సొంతిల్లు అంటే ఎవరూ విననిది. అంతకుముందు ఏడాదే ఒక చిన్న పుస్తకం వేసి పంచాడు, ఎలాంటి స్థలం ఎంచుకోవాలి, ఎలాంటి ఇంట్లో ఉండాలి అని. అందులో ఒసాకా జనంతో, నల్లటి పొగ కింద బతుకుతున్న మీరెంత దురదృష్టవంతులో అని మొదలుపెట్టి మాట్లాడతాడు. ఒసాకా అప్పుడు నిజంగానే అలా ఉండేది, పొగ గొట్టాలెన్ని ఉంటే అంత గొప్ప అనుకునే ఊరు. అమ్ముడుపోయింది రైలు టికెట్ కాదు, పొగ లేని గాలి.

మన దగ్గర వెంచర్ల బ్రోచర్లు చూసిన కళ్ళకి ఇదేముంది, రియల్ ఎస్టేటే కదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఒక్క తేడా ఉంది, అదే అసలు తేడా. మన వెంచర్ వాడు ప్లాట్లు అమ్మేసి, ఆర్చి కట్టి, రోడ్డు ఒక కోటు తారు వేసి వెళ్ళిపోతాడు, ఆ తర్వాత డ్రైనేజీ పొంగితే ఫోనెత్తడు. ఈయన వెళ్ళిపోలేడు. ఇల్లు అమ్మినవాడే రేపు పొద్దున ఆ ఇంటాయన్ని ఆఫీసుకి మోసుకెళ్ళాలి, ఎల్లుండి కూడా, పదేళ్ళ వాయిదా అయ్యేదాకా, ఆ తర్వాత వాళ్ళ పిల్లల్ని బడికి. జపాన్‌లో దీనికి ఒక మాట ఉంది, "ఎన్సెన్" అంటారు, రైలు దారి పొడుగునా ఉండే ప్రాంతమంతా. మా ఆఫీసులో ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ఏ ఊళ్ళో ఉంటున్నావని అడగరు, ఏ ఎన్సెన్‌లో ఉంటున్నావని అడుగుతారు. హాన్క్యూ ఎన్సెన్ అంటే ఒక రకమైన బతుకు, ఒక రకమైన వీధులు, అద్దెలు కాస్త ఎక్కువ, అన్నీ అందులో వచ్చేస్తాయి.

తకరజుక సంగతి చెప్పకుండా ముందుకెళ్ళలేను. అరిమ దాకా లైను చివరికి వేయలేకపోయారు, పేరులో అరిమ ఉంది గానీ బండి ఏనాడూ అక్కడికి వెళ్ళలేదు. దాంతో తకరజుకే ఆఖరి స్టేషన్. ఆఖరి స్టేషన్లో ఏదైనా లేకపోతే బండి ఖాళీగా వెళ్ళి ఖాళీగా రావాలి. 1911లో అక్కడ వేడినీళ్ళ స్నానాల కేంద్రం పెట్టారు, మరుసటేడు కప్పు కింద ఈతకొలను కట్టారు. కొలను పూర్తిగా ఫెయిలైంది. ఎండ తగలదు, నీళ్ళు వేడి చేసే ఏర్పాటు లేదు, ఐదు నిమిషాలు కూడా దిగి ఉండలేనంత చల్లదనం, పైగా ఆడా మగా కలిసి ఈదడానికి వీల్లేదన్నారు. డబ్బు పెట్టిన కొలను అలా పాడుపెట్టుకోలేక దాని మీద చెక్కలు పరిచి జనం కూర్చునే చోటు చేశారు, బట్టలు మార్చుకునే గదిని స్టేజి చేశారు, పాటలు నేర్చుకునే ఆడపిల్లల్ని పోగుచేసి 1914 ఏప్రిల్ 1న మొదటి ప్రదర్శన ఇప్పించారు. ఈతకొలను మీద మొదలైన ఆ ఆటే ఇవాళ్టి తకరజుక రెవ్యూ. మగవేషాలతో సహా అన్నీ ఆడవాళ్ళే వేస్తారు, పువ్వు, చంద్రుడు, మంచు, నక్షత్రం, ఆకాశం అని ఐదు బృందాలు, సొంత థియేటర్, సొంత స్కూలు. ఆట ఉన్న రోజు తకరజుక వెళ్ళే బండెక్కితే తెలిసిపోతుంది, ఒళ్ళో ప్రోగ్రాం కాగితాలు పెట్టుకుని, పండక్కి పుట్టింటికి వెళ్తున్నంత సంబరంగా ఉంటారు ఆడవాళ్ళంతా. మన సురభి వాళ్ళకి ఒక రైలు కంపెనీ అండ ఉండుంటే ఎలా ఉండేదో అని ఆ బండిలో కూర్చున్నప్పుడల్లా అనుకుంటా.

ఇంకొకటి, జపాన్‌లో వేసవిలో దేశమంతా టీవీల ముందు కూర్చోబెట్టే హైస్కూల్ బేస్‌బాల్ పోటీలున్నాయి చూడండి, అవి 1915లో మొదలైంది ఈ లైను పక్కన తొయోనకలో కంపెనీ కట్టిన గ్రౌండ్లోనే. రెండేళ్ళకే గ్రౌండు చాలక వేరేచోటికి వెళ్ళిపోయాయి, చివరికి పోటీ కంపెనీ హాన్షిన్ వాళ్ళ కోషియెన్‌లో స్థిరపడ్డాయి. పోతే పోయాయి.

1918లో పేరు మార్చుకుని 1920లో కోబె లైను వేసినప్పుడు ఆ హాన్షిన్‌తో నేరుగా తలపడాల్సి వచ్చింది. హాన్షిన్ 1905 నుంచే సముద్రం పక్కగా ఊరూరా ఆగుతూ ఒసాకా-కోబె నడుపుతోంది. హాన్క్యూ కొండల అంచున, ఇళ్ళు పెద్దగా లేనిచోట, వీలైనంత తిన్నగా పట్టాలు వేసింది. అప్పుడు వేసిన ప్రకటన ఇప్పటికీ ఇక్కడ చెప్పుకుంటారు, మా బండి అందంగా ఉంటుంది, వేగంగా వెళ్తుంది, ఖాళీగా ఉంటుంది, బయట చూడ్డానికి బాగుంటుంది, చల్లగా ఉంటుంది అని. ఖాళీ అనేది దాచుకోవాల్సిన సంగతి కదా, దాన్నే ముందు పెట్టి పిలిచాడు.

ఆ ఖాళీ నింపిన తీరు చూడండి. పొద్దున అందరూ ఊళ్ళోకి వెళ్తారు, సాయంత్రం అందరూ బయటికి. అంటే ప్రతి బండీ ఒకవైపు కిక్కిరిసి వెళ్ళి రెండోవైపు ఖాళీగా తిరిగొస్తుంది, మన హైటెక్ సిటీ వైపు పొద్దున బళ్ళు చూస్తే తెలుస్తుంది ఇది. దానికి విరుగుడేంటంటే ఊరి బయట కాలేజీలు పెట్టించడం. కోబెలో ఉన్న క్వాన్సెయ్ గకుయిన్ 1929లో నిషినోమియా కొండవాలుకి మారింది, దాని వెనక ఈ కంపెనీ భూముల బేరం ఉంది. దగ్గర్లోకే 1933లో కోబె మహిళా కళాశాల వచ్చింది. పొద్దున ఆఫీసువాళ్ళు ఊళ్ళోకి వెళ్తుంటే స్టూడెంట్లు ఊరవతలికి వెళ్తారు, సాయంత్రం తిరగబడుతుంది. సెలవురోజుల్లో తకరజుక, మినో. వారం మధ్యలో మధ్యాహ్నం పూట ఇంట్లో ఉన్న ఆడవాళ్ళ కోసం ఆ ఉమేద చివర డిపార్ట్‌మెంట్ స్టోర్.

ఆ స్టోర్ కూడా తొందరపడి పెట్టలేదు. 1920లో ఉమేదలో కంపెనీ బిల్డింగ్ కట్టి కింద అంతస్తు వేరే షాపువాళ్ళకి అద్దెకిచ్చి, పైన తనే భోజనశాల పెట్టి, ఎంతమంది వస్తున్నారు ఏం కొంటున్నారు అని కొన్నేళ్ళు చూసుకున్నాడు. 1925లో చిన్నగా సొంత మార్కెట్, 1929 ఏప్రిల్ 15న ఎనిమిదంతస్తుల హాన్క్యూ డిపార్ట్‌మెంట్ స్టోర్. రైలు కంపెనీ తన టెర్మినల్లో తనే నడుపుకునే పెద్ద స్టోర్ అంటే అదే మొదటిది అంటారు. పైన భోజనశాలలో రైస్ కర్రీ ఫేమస్. ఆ వెంటనే ప్రపంచమంతా మాంద్యం, జీతాలు లేవు. కుర్రాళ్ళు వచ్చి కర్రీ కొనలేక ఉత్త అన్నం ఒక్కటే చెప్పి, బల్ల మీద ఊరికే ఉండే సాస్ సీసా దాని మీద వంచుకుని తినేవాళ్ళు. మిగతా హోటళ్ళు అలాంటివాళ్ళని రావద్దన్నాయి. ఇక్కడ, అన్నం మాత్రమే తినేవాళ్ళకి స్వాగతం అని బోర్డు పెట్టించాడు కొబయాషి, పక్కన ఊరగాయ కూడా వేయమన్నాడు. వీళ్ళకిప్పుడు డబ్బుల్లేవు, రేపు పెళ్ళిళ్ళై పిల్లల్ని వెంటేసుకుని ఇక్కడికే వస్తారు అన్నాడని చెప్పుకుంటారు. గోంగూర పచ్చడీ అన్నంతో పూట గడిపిన బ్యాచిలర్ రోజులు ఉన్నవాళ్ళెవరికైనా ఆ బోర్డు విలువ తెలుస్తుంది. దయ అంటారా, వ్యాపారం అంటారా? నా మటుకు నాకు రెంటినీ విడదీయాల్సిన అవసరం కనపడదు. ముప్పై ఏళ్ళు ఎదురుచూసి లాభం తీసుకోగలిగినవాడికి దయ చూపించడం తేలికవుతుంది, అంతకాలం అక్కడే ఉంటానన్న నమ్మకం లేనివాడు ఆ అన్నం పెట్టలేడు.

ఇప్పుడు బండి లోపలికి రండి. సీట్లు ముదురు ఆలివ్ ఆకుపచ్చ, మెత్తగా నూగు ఉన్న బట్ట, అరచెయ్యి ఒకవైపు రాస్తే ముదురుగా, రెండోవైపు రాస్తే లేతగా కనిపిస్తుంది. గోడలు చెక్కలాగ, మంచి టేకు బీరువా లోపల కూర్చున్నట్టు. పాత పెట్టెల్లో కిటికీలకి అల్యూమినియం రెక్కల తలుపులుంటాయి, అవి పైనుంచి కిందకి దించేవి కావు, కింద నుంచి పైకి లాగాలి. నాన్న దాన్ని నాలుగుసార్లు పైకి లాగి దించి, గాడి అరిగిందేమోనని వేలు పెట్టి చూశారు, అరగలేదు. చాలా పెట్టెలు అల్యూమినియంవే, రంగు వేయకపోయినా తుప్పు పట్టవు, వేరే కంపెనీలు అలాగే వదిలేసి డబ్బు మిగుల్చుకుంటాయి. వీళ్ళు మాత్రం ఇంకా ఆ మెరూన్ వేసి మెరిపిస్తారు. అనవసరపు ఖర్చే. కానీ అది చూసి నా ఇంటికి వెళ్ళే బండి అని దూరం నుంచే గుర్తుపట్టే జనం లక్షల్లో ఉన్నారు, వాళ్ళలో నేనొకణ్ణి.

నడిపే పద్ధతి చూస్తే కొత్తదనం కూడా తక్కువేం లేదు. టికెట్ చూసి తెరుచుకునే ఆటోమేటిక్ గేట్లు జపాన్‌లో పెద్ద ఎత్తున మొదట పెట్టింది వీళ్ళే, 1967లో కిత-సెన్రి స్టేషన్లో, ఇప్పుడు ఒమ్రాన్ అంటున్న కంపెనీతో కలిసి. నిషినోమియా-కితగుచిలో స్పెషల్ ఎక్స్‌ప్రెస్ దిగి ఎదురుగా నాలుగడుగులేస్తే లోకల్ తలుపులు తీసుకుని ఉంటుంది, మెట్లెక్కక్కర్లేదు, పరిగెత్తక్కర్లేదు. ఉమేద నుంచి కోబె సన్నోమియా 32 కిలోమీటర్ల పైచిలుకు, అరగంట లోపే. ఇదంతా సాఫీగా కుదిరిందనుకోకండి. ఉమేద దాటగానే నకత్సు అని స్టేషనుంది, అందులో కోబె, తకరజుక బళ్ళకే ప్లాట్‌ఫారాలు, క్యోటో లైనుకి లేదు. 1959లో క్యోటో బళ్ళకి వేరే పట్టాలు వేసినప్పుడు అక్కడ చోటు చాల్లేదు, అంతే, ఇప్పటికీ ఆ బళ్ళు నకత్సు పక్కనుంచి ఆగకుండా వెళ్ళిపోతాయి. అసలు ఆ క్యోటో లైను వీళ్ళు వేసిందే కాదు. వేరే కంపెనీ కెయ్‌హాన్ ది. 1943లో యుద్ధకాలంలో రెండూ కలిపేశారు, 1949లో విడిపోయినప్పుడు ఈ లైను వీళ్ళ దగ్గరే ఉండిపోయింది. అన్నదమ్ముల వాటాల్లో మడిచెక్క ఇటు వచ్చినట్టు.

మళ్ళీ క్రమశిక్షణ దగ్గరికి వస్తా, ఎందుకంటే దాని గురించి ఒక తేదీ చెప్పాలి. 2005 ఏప్రిల్ 25. తకరజుక వైపు నుంచి వచ్చే లైను ఇంకొకటుంది, జేఆర్ వెస్ట్ అనే వేరే రైలు కంపెనీ వాళ్ళ ఫుకుచియామ లైను, హాన్క్యూ ప్రయాణికుల కోసమే దానికీ పోటీ. ఆ పొద్దున ఇరవై మూడేళ్ళ డ్రైవరు ఇతమి స్టేషన్లో బండిని ప్లాట్‌ఫారం దాటించేశాడు, వెనక్కి తెచ్చి బయల్దేరేసరికి నిమిషంన్నర దాకా లేటు. లేటయితే, తప్పు చేస్తే ఆ కంపెనీలో మళ్ళీ ట్రైనింగ్ అని కూర్చోబెట్టి నలుగురిలో అవమానించే శిక్ష ఉండేది. గంటకి 70 కిలోమీటర్ల వంపులోకి 116 మీద వచ్చాడు. బండి పట్టాలు తప్పి అపార్ట్‌మెంట్ బిల్డింగులోకి దూసుకెళ్ళింది. డ్రైవరుతో సహా 107 మంది పోయారు. క్రమశిక్షణ అని మనం మెచ్చుకునేదాన్ని భయంతో పిండితే ఏమవుతుందో అక్కడ కనపడింది. ఇది నాన్నకి చెప్తున్నప్పుడు ఆయన మొహం మారిపోయింది, "నిమిషంన్నరకా" అని మాత్రం అన్నారు. హాన్క్యూ అంటే తప్పే జరగని కంపెనీ అని నేననడం లేదు, 1984లో రొక్కో స్టేషన్లో సిగ్నల్ దాటొచ్చిన సాన్యో అనే ఇంకో రైలు కంపెనీ వాళ్ళ బండిని హాన్క్యూ ఎక్స్‌ప్రెస్ గుద్దింది, జనానికి దెబ్బలు తగిలాయి. నేననేది ఒక్కటే, టైముకి రావడం అనేది ఫలితం. దాన్నే మూలం అనుకుని మనుషుల్ని కొట్టి సాధించాలని చూస్తే అది మనుషుల్ని తినేస్తుంది.

ముడి అన్నాను కదా, అది ఎంత గట్టిదో 1995 జనవరి 17న తేలింది. తెల్లవారుజామున 5:46కి భూకంపం. హాన్క్యూ ఇతమి స్టేషన్, పైన పట్టాలు కింద పోలీసు ఔట్‌పోస్టు ఉన్న కట్టడం, మొత్తం కూలబడిపోయింది, ఆ ఔట్‌పోస్టులో ఉన్న పోలీసాయన చనిపోయాడు. నిషినోమియా-కితగుచి నుంచి షుకుగవ మధ్య ఎత్తు మీద ఉన్న పట్టాలు పడిపోయాయి. సన్నోమియాలో స్టేషన్ బిల్డింగే పోయింది. జేఆర్ ఏప్రిల్ 1కి లైను తెరిచింది, హాన్క్యూ కోబె లైను మొత్తం తెరుచుకునేసరికి జూన్ 12. ఐదు నెలలు. అప్పట్లో జనం బస్సుల్లో, నడిచి, ఎలాగోలా వెళ్ళారని మా ఆఫీసులో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఆ ఐదు నెలల్లో కంపెనీ ఇంకెక్కడికైనా పోదామన్నా పోవడానికి లేదు, ఇళ్ళు అమ్మిందీ ఇక్కడే, షాపులున్నవీ ఇక్కడే, థియేటర్ ఇక్కడే, కూలిన పట్టాల పక్కన కూలిన ఇళ్ళు వాళ్ళ కస్టమర్లవే.

ఇదంతా చదివి హాన్క్యూ వాళ్ళ భజన అనుకుంటారేమో, కొన్ని చేదు సంగతులూ చెప్పాలి. 1936లో పెట్టుకున్న బేస్‌బాల్ టీం బ్రేవ్స్‌ని 1988లో అమ్మేశారు. ఎన్సెన్ అంటే కుటుంబం అని చెప్పుకునే కంపెనీ యాభై ఏళ్ళు టీంని గుండెల్లో పెట్టుకున్నవాళ్ళకి ఒక ప్రెస్ మీట్లో ఆ కబురు చెప్పింది, ఆ స్టేడియం ఉన్న చోట ఇప్పుడు షాపింగ్ మాల్. దానికన్నా పెద్దది, 2023 సెప్టెంబరులో తకరజుక నటి ఒకామె, ఇరవై అయిదేళ్ళ పిల్ల, ప్రాణం తీసుకుంది. విపరీతమైన పనిగంటలు, పైవాళ్ళ వేధింపులు. కంపెనీ మొదట వేధింపులు జరిగాయని ఒప్పుకోలేదు, 2024 మార్చిలో ఒప్పుకుని కుటుంబానికి క్షమాపణ చెప్పింది. మనమంతా ఒకటే ఇల్లు అనే మాట ఎంత వెచ్చగా ఉంటుందో, ఆ ఇంట్లో చిన్నవాళ్ళకి తలుపు మూసుకుపోతే అంత ఊపిరాడదు. నేను మెచ్చుకుంటున్న ముడికి ఈ రెండో కొస కూడా ఉంది, అది చూడకుండా మెచ్చుకోవడం నా వల్ల కాదు.

ఇక రేపటి సంగతి. పిల్లలు తగ్గిపోతున్నారు, ఎన్సెన్ ముసలిదవుతోంది. 2006లో ఏ హాన్షిన్‌తో ఎనభై ఏళ్ళు పైబడి కొట్టుకున్నారో దానితోనే కలిసిపోయి హాన్క్యూ హాన్షిన్ హోల్డింగ్స్ అయ్యారు, హాన్షిన్ షేర్లు ఒక ఫండ్ వాడు పెద్ద ఎత్తున కొనేయడంతో వచ్చిన పెళ్ళి అది. 2024లో క్యోటో లైన్లో అదనపు డబ్బు కడితే రిజర్వు సీటు ఇచ్చే పెట్టె పెట్టారు. అందరికీ ఒకే మెరూన్ బండి అన్న లెక్క అక్కడ కొంచెం తప్పింది, నాకది నచ్చలేదు.

హైదరాబాద్ మాటెత్తకుండా ఉండలేను, అక్కడ ఈ లెక్క తెలిసే చేశారు కాబట్టి. మెట్రో ఒప్పందంలో కట్టే కంపెనీకి స్టేషన్ల దగ్గర కోటీ ఎనభై అయిదు లక్షల చదరపు అడుగుల దాకా కట్టుకునే హక్కు ఇచ్చారు, టికెట్లతో గిట్టదు, భూమితో గిట్టాలి అని. ఆలోచన కొబయాషిదే. కానీ ఆయన వరిచేలు కొని రైలు వేశాడు, మనం ఊరంతా కట్టేశాక, రోడ్డు మధ్యలో స్తంభాలేసి, మిగిలిన ముక్కల్లో మాల్స్ కట్టమన్నాం. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వల్ల పెరిగిన భూమి రేటు మెట్రోకి రాలేదు, ముందే కొనిపెట్టుకున్నవాళ్ళ జేబులోకి పోయింది. చివరికి 2025లో ఆ లైన్లు ప్రభుత్వమే తీసుకోవడానికి సిద్ధపడింది. తప్పు రైలుది కాదు, ముడి వేయాల్సిన చోట వేయకపోవడం. ఈ కాలంలో అది కుదరదంటారా, జపాన్ 1989లో చట్టమే చేసింది, ఇళ్ళూ రైలూ కలిపి ప్లాన్ చేసేలా, లైను వచ్చే దారిలో ముందుగానే భూమి సేకరించుకునేలా. ఆ పద్ధతిలో వేసిన త్సుకుబ ఎక్స్‌ప్రెస్ 2005లో మొదలైంది, తోక్యో నుంచి పొలాల్లోకే వెళ్ళింది. రీజినల్ రింగ్ రోడ్డు చుట్టూ ఇప్పుడు ఇంకా చేలే ఉన్నాయి. అక్కడ భూమి ఎవరు కొంటున్నారో, రైలు ఎప్పుడొస్తుందో, ఆ రెండూ ఒకే చేతిలో ఉంటాయా లేదా అన్నది ఇప్పుడడగాల్సిన ప్రశ్న. పదేళ్ళ తర్వాత అడిగితే పిల్లర్లు వేయడానికి రోడ్డు మధ్యే మిగులుతుంది.

నాన్న తిరిగి వెళ్ళేముందు ఆదివారం ఇకెద తీసుకెళ్ళా. స్టేషన్ దిగి కాసేపు నడిస్తే మురోమాచి. వీధులు తిన్నగా గీతగీసినట్టున్నాయి, మధ్యలో పాత గుడి, ఇళ్ళు మాత్రం చాలావరకు కొత్తవి, 1910 నాటివి దాదాపు పోయాయి. ఇదేరా ఆ 400 గజాలు అన్నారు నాన్న. ఒక ప్రహరీ పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు, మా ఊళ్ళో స్థలం చూడ్డానికి వెళ్తే నడిచినట్టే. మూల తిరిగి ఇంకోవైపు కూడా లెక్కపెట్టారు. "రెండు ముక్కలు చేసేశార్రా, అన్నదమ్ములై ఉంటారు" అన్నారు. లోపల ఒక పెద్దావిడ చెట్టుకి నీళ్ళు పోస్తోంది, మమ్మల్ని చూసి తల వంచింది, నాన్న కూడా వంచారు. ఆవిడ నాతో ఏదన్నా వెతుకుతున్నారా అని అడిగింది. మా నాన్న రైల్వేలో పనిచేశారండీ, ఈ వీధి చూద్దామని వచ్చాం అన్నా. ఆవిడ పైపు కట్టేసి, మా తాతగారు రోజూ ఇక్కణ్ణుంచే ఉమేద వెళ్ళేవారు అని, స్టేషన్ వైపు చెయ్యి చూపించింది.